ముప్పై సెకన్లకోసారి భీమశంకరం

కమలాపళ్లూ వేరుశనగకాయలూ పట్టుకుని సెక్షన్ మొత్తం ఎండలోకి వెళ్లిపోయింది. ఢిల్లీ చలికాలంలో గవర్నమెంటు ఆఫీసంటే బయటున్న పచ్చికే గానీ లోపల గది కాదు. ఒంటిగంటన్నర కొట్టిందంటే గడ్డి మీద దుప్పట్లు పరుచుకుంటారు, స్వెట్టర్ల అల్లికలు తీస్తారు, కూతుళ్ల సంబంధాల దగ్గర్నుంచి కొత్త డీఏ దాకా అన్నీ అక్కడే తేలతాయి. అన్నపూర్ణేశ్వరి ఒక్కతే లోపల ఉండిపోయింది. పేరుకి ఎండేగానీ కిటికీ అద్దానికి అవతలంతా పాలు విరిగినట్టున్న పొగమంచు, అందులోంచి ఎవరిదో నవ్వు దూరంగా వినపడుతోంది, నవ్విన మనిషి మాత్రం కనపడటం లేదు. కంప్యూటరు తెర మీద నలుపూ తెలుపూ గళ్ల చతురస్రం ఒకటి ఆమె కోసం కాచుక్కూచుంది. ఫోనులో యాప్ తెరిచి, కెమెరా ఆ గళ్ల మీద పెట్టి, తన పేరు యాప్‌లో చేర్చుకోవాలి. ఇవాళ్టి నుంచి ఉత్త పాస్‌వర్డ్‌తో ఎవరికీ లోపలికి దారి లేదు. పాస్‌వర్డ్ కొట్టాక ఫోను కూడా సాక్ష్యం చెప్పాలి, వచ్చినవాడు వాడేనని. సర్క్యులర్‌లో ఇంత పొడుగు రాశారు, సారం ఇంతే. సాయంత్రంలోగా అందరూ చేసుకోవాలి. అందరూ పొద్దున్నే చేసేసుకున్నారు కూడా, ఒకళ్ల ఫోన్లు ఒకళ్లు చూసుకుంటూ, పకపకలాడుతూ. ఆమె మాత్రం లంచ్ టైము దాకా ఆగింది, ఎందుకంటే ఆమె యాప్ తెరిచినప్పుడు పక్కనెవరూ ఉండకూడదు.

ఆ యాప్‌లో ముందే ఒక పేరుంది. భీమశంకరం. దాని కింద ఆరు అంకెలు, పక్కన చిన్న గుండ్రం. గుండ్రం కొంచెం కొంచెంగా అరిగి మాయమయ్యేలోపు అంకెలు మారిపోతాయి, మళ్లీ నిండు గుండ్రం, మళ్లీ అరుగుదల. ముప్పై సెకన్లకోసారి. ఇది ఆయన ఫోను. పోయిన జనవరిలో ధౌలా కువాన్ బస్టాపులో మంచులో నిలబడ్డ మనిషి నిలబడ్డచోటే కూలిపోతే, ఆయన కంటే ముందు ఇల్లు చేరింది ఈ ఫోనే, పోలీసు కానిస్టేబుల్ చేతిలో, ప్లాస్టిక్ సంచిలో. ఈ యాప్ ఆయన ట్రయల్‌కి పెట్టుకున్నది. సెక్షన్‌లో కంప్యూటరు వ్యవహారాలు చూసే నోడల్ ఆయనే కనక అందరికంటే ముందు తన మీదే పరీక్ష పెట్టుకున్నాడు, అప్పట్లో ఇది తప్పనిసరి కాదు. తర్వాత మనిషి పోయాడు, అంకెలు పోలేదు. మొదటిసారి ఏదో వెతుకుతూ పొరపాటున తెరిచి చూసినప్పుడు ఆమె భయపడి ఫోను బోర్లా పెట్టేసింది. మెట్రో సొరంగంలో సిగ్నల్ లేనప్పుడు కూడా చూసింది, ఆగుతాయేమోనని. ఆగలేదు. ఎవర్నీ అడక్కుండా, ఎక్కడికీ కబురు పంపకుండా, దానంతటదే లోపల్లోపల లెక్కపెట్టుకుంటూ పోతోంది. భయం రెండు వారాల్లో అలవాటయింది, అలవాటు కాస్తా ఇంకేదో అయింది. రోజూ కూర తరిగేముందు ఒకసారి, పడుకునేముందు ఒకసారి తెరిచి, రెండు మూడు మార్పులు చూసి మూసేస్తుంది. ఎవరికైనా చెబితే పిచ్చనుకుంటారు. పిచ్చే అనుకో, ఎవరికేం నష్టం.

ఆగస్టులో కారుణ్య నియామకం వచ్చి ఆమె ఈ గదిలోకి, ఈ కుర్చీలోకి వచ్చిన మొదటి రోజున కంప్యూటరు తెరిచి చూస్తే సెక్షన్ జాబితాలో ఆయన పేరు పక్కన ఆకుపచ్చ చుక్క వెలుగుతోంది. అంటే మనిషి సీట్లో ఉన్నాడని. ఆమె లేచి నిలబడిపోయింది. చుట్టూ ఎవరూ తలెత్తి చూడలేదు, అక్కడ వాళ్లకది కొత్త కాదు. తర్వాత నెమ్మదిగా తెలిసింది సంగతి. ఎవరైనా రిటైరైతేనో బదిలీ అయితేనో వాళ్ల ఖాతా మూసేసే అధికారం నోడల్‌కి ఉంటుంది. నోడలే పోతే? నోడల్ ఖాతాని నోడల్ లాగిన్‌లోంచే మూయాలి. భీమశంకరం చచ్చిపోయాడని భీమశంకరమే వచ్చి రాయాలన్నమాట. దానికి వేరే దారి ఉందిట, పైకి ఫైలు పెట్టాలిట, ఆ ఫైలు పెట్టాల్సింది కూడా ఆయన సీటేనట. అంచేత ఎవరూ పెట్టలేదు. పెట్టకపోవడం హాయిగా ఉందని కూడా తెలిసొచ్చింది అందరికీ. రోజువారీ చిల్లర కాగితాలు, అటు తోసేవీ ఇటు తోసేవీ, ఆయన పేరుతో పోతే రేపు అడిగేవాడుండడు. పాస్‌వర్డ్ బల్ల సొరుగులో చీటీ మీద ఉంది, ఆయన చేతిరాతతోనే. ఇలా పదకొండు నెలలు. పొద్దున పదింటికి చుక్క వెలిగేది, ఐదున్నరకి ఆరేది, బతికున్నప్పుడు కూడా ఆయన అంత ఖచ్చితంగా ఆఫీసుకి రాలేదు. ఇది తప్పని ఆమెకి తెలియకపోలేదు. కానీ పదింటికి ఆ చుక్క వెలగ్గానే ఛాతీలో ఏదో సర్దుకునేది, ఆ మాట కూడా నిజమే.

ఇవాళ పొద్దున చుక్క వెలగలేదు. ఫోను సాక్ష్యం లేకుండా ఆయన కూడా లోపలికి పోలేడు మరి. పన్నెండింటికి సెక్షన్ ఆఫీసర్ సదాశివరావు పిలిపించాడు. గుంటూరు మనిషి, రిటైర్‌మెంటుకి ఏడాదిన్నర, మాట వెన్నలా ఉంటుంది. ఆమె ఉద్యోగం ఫైలు పట్టుకుని గదిగదికీ తిరిగింది ఆయనే, ఆర్.కె. పురం క్వార్టరు ఖాళీ చెయ్యమని నోటీసు రాకుండా ఆపిందీ ఆయనే. ఏళ్ల తరబడి నలిగే కేసు ఏడు నెలల్లో అయిపోయిందంటే ఆ చలవే.

"కూర్చోమ్మా. భీమశంకరం ఫోను మీ దగ్గరే ఉంది కదా? అందులో ఆ యాపూ అదీ ఉందా?"

"ఉందండీ."

"అచ్ఛా. ఏం లేదమ్మా, హాస్టల్ తాలూకు చిన్న డ్రాఫ్టొకటి ఆయన ఖాతాలో సగంలో ఉండిపోయింది. పాపం, ఆయన పేరు మీద పెండింగ్ ఎందుకు చూపించాలి? నేనే పూర్తి చేసి పంపేస్తాను. లంచ్‌లో అందరూ బయటికెళ్లాక నా గదిలోంచి లాగిన్ అవుతాను. మీ ఫోన్లో అడుగుతుంది. నేను ఇంటర్‌కమ్‌లో రెండంకెలు చెప్తాను, అవి నొక్కేయండి. అంతే, ఠీక్ హై?"

"అలాగేనండీ," అంది. ఏమంటుంది? అన్నం పెట్టిన చెయ్యి. గది దాటి వరండాలోకి వచ్చాక కూడా తల ఊపుతూనే ఉంది.

ఇప్పుడు ఈ గదిలో హీటరు ఒక్కటే ఎర్రగా ఉంది. దాని కడ్డీ చిటుక్కుమన్నప్పుడల్లా ఆమె తల తిప్పి వెనక్కి చూస్తోంది. ముందు తన పని కానివ్వాలనుకుని కెమెరాని గళ్ల మీద పెట్టింది. వేలిముద్ర అడిగింది ఫోను. ఈ ఫోనులో రెండు వేలిముద్రలున్నాయి, ఆయనే పేర్లు కూడా పెట్టాడు: ఒకటి 'నేను', రెండోది 'పూర్ణ'. ఫోనంతా తెలుగులో పెట్టుకున్నాడు మహానుభావుడు, సెక్షన్‌లో అందరూ ఏడిపించినా మార్చలేదు. పూర్ణ అనే బొటనవేలు ఆనించింది, తెరుచుకుంది. ఆ మొదటి వేలు, 'నేను' అనే వేలు, లోధీ రోడ్డు శ్మశానంలో కాలిపోయి పదకొండు నెలలయింది. ఫోను మాత్రం ఆ గీతల్ని దాచి ఉంచుకుని, ఎప్పుడానిస్తాడా అని చూస్తూనే ఉంది. పొద్దున కూతురు తేజశ్రీ కాలేజీకి పోతూ తలుపు దగ్గర బూట్లు వేసుకుంటూ చెప్పింది, "మమ్మీ, సింపుల్ హై. ఔర్ పాపా వాలా అకౌంట్ డిలీట్ కర్ దేనా, కన్‌ఫ్యూజ్ హో జావోగీ." నాన్న ఖాతా తీసెయ్యమని ఎంత తేలిగ్గా అంది. అని, లేస్ ముడి వేస్తున్నట్టు తల దించుకుని చాలాసేపు అలాగే ఉంది, బూట్లకి అంతసేపు పట్టదు. పిల్ల బస్సు ధౌలా కువాన్‌లోనే ఆగుతుంది. రోజూ అదే స్టాపులో దిగుతుంది. ఆ సంగతి తల్లీ కూతుళ్లిద్దరూ ఒక్కసారి కూడా మాట్లాడుకోలేదు. ఇంట్లో ఆ మాటే రాదు. 'అది జరిగాక' అంటారు, 'ఆయన లేనప్పట్నుంచీ' అంటారు, ఊరికి వెళ్లినవాళ్ల గురించి చెప్పుకున్నట్టు. కాగితాల మీద మాత్రం ఆమె ఎన్నో చోట్ల రాసి సంతకం పెట్టింది, లేట్ అని. నోటితో అననేలేదు.

యాప్‌లో ఇప్పుడు రెండు పేర్లు. భీమశంకరం, కింద అన్నపూర్ణేశ్వరి. రెండు గుండ్రాలూ ఒకే వేగంతో అరుగుతున్నాయి, ఒకేసారి నిండుతున్నాయి. ఒక్క సెకను కూడా తేడా లేదు. పెళ్లయి ఇరవై మూడేళ్లలో ఎప్పుడైనా ఇంత కలిసి నడిచామా అనిపించింది, ఆయన ఎప్పుడూ పదడుగులు ముందే నడిచేవాడు, కరోల్ బాగ్ సందుల్లో ఆయన నీలం స్వెట్టరు వెతుక్కుంటూ ఆమె పరుగెత్తేది. చూస్తూ చూస్తూ ఊపిరి కూడా ఆ గుండ్రంతో పాటే తీస్తోందని ఆమెకే తెలీలేదు. అప్పుడు ఫోను చేతిలో వణికింది. తెర నల్లబడి, మధ్యలో ఆయన పాస్‌పోర్టు ఫోటో, కింద తెలుగులో: 'భీమశంకరం. సైన్ ఇన్ చేస్తున్నది మీరేనా?' దాని కింద అంకె వేసే గడి. ఒక పక్క 'అవును', ఇంకో పక్క 'కాదు, నేను కాదు'.

సదాశివరావని తెలుసు. పక్క పక్క గదే, చెప్పే చేస్తున్నాడు, తెలుసు. అయినా ఆ ఒక్క క్షణం గది ఖాళీగా లేదు. ఎక్కడి నుంచో ఎవరో ఆయన పేరు చెప్పుకుని తలుపు దగ్గర నిలబడ్డారు, లోపలికి రానిమ్మని అడుగుతున్నారు, ఆ అడిగేది ఆమెనే. ఏవండీ, మీరేనా? అనబోయింది, పెదవులు కదిలాయి కూడా. వెనకనుంచి హీటరు చిటుక్కుమంది, మెడ మీద వెచ్చగా తగిలింది. ఆయనకి వెనకనుంచి వచ్చి భుజం మీదుగా వంగి టీవీ చూసే అలవాటు. ఆమె వెనక్కి తిరగలేదు. తిరిగితే ఎవరూ ఉండరని తెలుసు, అందుకే తిరగలేదు.

ఇంటర్‌కమ్ మోగింది. "అమ్మా, నలభై ఏడు. వచ్చిందా? నాలుగు, ఏడు. నొక్కారా?"

"వచ్చిందండీ... ఇది... ఒక్క నిమిషం, తెలుగులో ఉంది," అంది, తెలుగు తనకి రానట్టు. ఆయన అవతల మెత్తగా నవ్వాడు. "నెమ్మదిగా చెయ్యండమ్మా. టైమైపోతే మళ్లీ పంపిస్తాను." ఫోను పెట్టేశాడు. ఆ మెత్తదనమే ఎక్కడో ముల్లులా తగిలింది. హాస్టల్ తాలూకు డ్రాఫ్టు. ఏ హాస్టల్? వీళ్ల సెక్షన్ చూసే హాస్టల్ ఒక్కటే, ఉద్యోగాలు చేసే ఆడపిల్లలది, ఐదంతస్తులది. పోయిన నెల అక్కడే లిఫ్టు మూడో అంతస్తు నుంచి కిందికి జారింది. మెస్సులో వంటచేసే ఆవిడ బియ్యం బస్తాతో లోపలుంది. కాలు తీసేశారు. దాని మీద ఎంక్వయిరీ వేశారు, లిఫ్టు చూసి ఎవరేం రాశారో కాగితం తెమ్మన్నారు. సెక్షన్‌లో వారం రోజులు ఎవరూ గట్టిగా మాట్లాడుకోలేదు. ఇదంతా ఆమెకి తెలిసిందే. తెలిసి కూడా, ఆ లిఫ్టూ ఈ డ్రాఫ్టూ రెండూ పక్కపక్కన పెట్టి చూడలేదు. ఎందుకు చూడలేదో కూడా తెలుసు. చూస్తే డిసెంబరు సాయంత్రమొకటి గుర్తుకు తెచ్చుకోవాలి.

ఏడాది కింద ఇదే డిసెంబరు. ఆయన వచ్చి మఫ్లరు కూడా తీయకుండా భోజనాల బల్ల దగ్గర కూర్చున్నాడు. మంచినీళ్లిస్తే గ్లాసు పట్టుకుని తాగలేదు. "ఆ హాస్టల్ లిఫ్టు నేనే ఎక్కి దిగానే పూర్ణా. నాలుగో అంతస్తు దగ్గర కడుపులో జారినట్టయింది. నాతో ఇద్దరు పిల్లలున్నారు, రోజూ ఇంతే అంకుల్ అని నవ్వుతున్నారు." లాప్‌టాప్ తెరిచి అక్కడే మొదలుపెట్టాడు, మూడు లైన్లు టకటకా కొట్టాడు, తర్వాత ఫోనొచ్చింది, బాల్కనీలోకి వెళ్లి మాట్లాడాడు. తిరిగొచ్చి లాప్‌టాప్ మూసేశాడు. "సదాశివరావుగారు ఆగమన్నారు. కొత్త కాంట్రాక్టు అయ్యేదాకా ఆగమన్నారు." ఆమె ఏమంది? పప్పులో ఉప్పు సరిపోయిందా అనడిగింది. ఆయన సరిపోయిందన్నాడు. ఆయనకి ఎవరికీ కాదని చెప్పడం రాదు. పక్కింటివాళ్లు ఊరెళితే వాళ్ల కుక్కని ఈయనే తిప్పేవాడు, కుక్కలంటే భయం పెట్టుకుని. ఆ తర్వాత రెండు వారాలు రాత్రుళ్లు లేచి కూర్చునేవాడు, గ్యాసంటే సోంపు నీళ్లు ఇచ్చింది. మూడో వారంలో బస్టాపు.

డ్రాఫ్టు ఎప్పుడు మొదలుపెడితే ఆ తేదీయే నోటు మీద పడుతుంది, ఈ నాలుగు నెలల్లో ఆమె నేర్చుకున్న ఆఫీసు పనుల్లో అదొకటి. ఆ మూడు లైన్లూ తుడిచేసి, పరిశీలించడమైనది, లిఫ్టు సంతృప్తికరంగా ఉన్నది అని రాసి పంపేస్తే, ఏడాది కింద, బతికున్న భీమశంకరం స్వయంగా ఎక్కి చూసి రాసినట్టే ఉంటుంది. ఎవరూ ఆయన్ని పిలిచి అడగలేరు. ఆ కాలు పోయినావిడ మంచం మీద పడుకుని ఆయన పేరు తిట్టుకుంటుంది, జీవితమంతా. అన్నపూర్ణేశ్వరికి కోపం ముంచుకొచ్చింది. కోపం ఎవరి మీదో తెలియడం లేదు. సదాశివరావు మీదా? అవును. భీమశంకరం మీద కూడా. ఎందుకాగారండీ? మూడు లైన్లే కదా, పంపేస్తే ఏం చేసేవారు, తల తీసేవారా? ఆ డ్రాఫ్టు ఉన్నదున్నట్టు బయటపడినా మచ్చే, ఈయనకి తెలుసు, తెలిసి పదిహేను రోజులు దాచుక్కూచున్నాడు అంటారు. అంటే అననీ. అది చేసిన తప్పు. ఇది చెయ్యనిది.

తెర మీద గడువైపోయి ఫోటో మాయమైంది. మళ్లీ రెండు గుండ్రాలు. ఇప్పుడేమీ చెయ్యక ఊరుకుంటే? యాప్ సరిగ్గా పనిచెయ్యట్లేదండీ అంటే? రేపు మళ్లీ అడుగుతాడు, ఎల్లుండి అడుగుతాడు, పిల్లతోనైనా చెప్పిస్తాడు. 'కాదు' నొక్కితే? సర్క్యులర్‌లో రెండో పేజీలో ఉంది, ఆమె కళ్లద్దాలు పెట్టుకుని చదివింది: కాదని నొక్కిన వెంటనే ఆ ఖాతా నిలిచిపోవును, ఐటీ సెల్ వారు ఖాతాదారుతో మాట్లాడెదరు. ఖాతా నిలిచిపోతే పదింటికి ఆకుపచ్చ చుక్క ఇంకెప్పటికీ వెలగదు. ఈ అంకెలు ఎందుకూ కొరగానివైపోతాయి, యాప్‌లోంచి తీసేయమంటారు. కూర తరిగేముందు చూసుకోవడానికి ఏమీ ఉండదు. ప్రొబేషన్‌లో ఉన్న మనిషి, సెక్షన్ ఆఫీసర్ ఒక్క ముక్క రాస్తే చాలు. కానీ ఉద్యోగం గురించి నిజానికి ఆమె అంత ఆలోచించలేదు, ఆ క్షణాన. ఆ గుండ్రాన్నే చూస్తోంది. అరుగుతోంది, అరుగుతోంది. నిండింది. ఇంకొక్కసారి చూస్తాను, అనుకుంది. నిండింది. ఇంకొక్కసారి.

ఫోను వణికింది. మళ్లీ ఆయన మొహం, అదే ఫోటో, కాలరు ఒక పక్క లేచి ఉంటుంది, తీసిన రోజు తను సరిచెయ్యడం మర్చిపోయింది. 'సైన్ ఇన్ చేస్తున్నది మీరేనా?' ఇంటర్‌కమ్ మోగుతోంది. ఎత్తలేదు. గదంతా ఆ మోతే. కిటికీ అవతల పొగ కొంచెం పలచబడి లానులో మనుషులు సగం సగం కనపడుతున్నారు, నడుం పై భాగాలు మాత్రం, కింద ఏమీ లేనట్టు తేలుతున్నారు. ఆమె బొటనవేలు తెర మీదికి వెళ్లింది. మీరు కాదండీ, అంది పైకే, ఇది మీరు కాదు. నొక్కింది.

ఇంటర్‌కమ్ ఇంకో నాలుగుసార్లు మోగి ఆగిపోయింది. వరండాలో చెప్పుల చప్పుడు తలుపు దాకా వచ్చింది, కొంచెంసేపు నిలబడింది, వెనక్కి పోయింది. అప్పుడు చేతిలో ఫోను నిజంగానే మోగింది, తెలియని ల్యాండ్‌లైన్ నంబరు.

"నమస్తే, ఐటీ సెల్ నుంచి నేహాని," అంది ఒక ఆడపిల్ల గొంతు హిందీలో, పక్కన కీబోర్డుల చప్పుడు. "భీమశంకర్ జీ ఉన్నారా? ఆయన ఖాతాలోకి ఎవరో రావాలని చూశారని ఇప్పుడే మాకు రిపోర్టొచ్చింది. ఆయనతో ఒకసారి మాట్లాడాలి."

అన్నపూర్ణేశ్వరి నోరు తెరిచింది. లేరు, అనబోయింది. బయటికెళ్లారు అన్నట్టుంటుంది అది. ఊరెళ్లారు అన్నట్టుంటుంది.

"చనిపోయారు," అంది. "పదకొండు నెలలయింది. నేను ఆయన భార్యని. కాదని నొక్కింది నేనే."

"సారీ దీదీ," అంది ఆ పిల్ల. "మరి ఇన్నాళ్లూ ఖాతా... నిన్న కూడా... సరే. ఇప్పుడది మా దగ్గర లాక్ అయిపోయింది. ఇంకెవరూ రాలేరు."

"అందులో హాస్టల్ లిఫ్టు గురించి ఒక డ్రాఫ్టుంది. ఎవరైనా ముట్టుకున్నారేమో చూడమ్మా. చదువు, నాకు వినిపించేలా చదువు."

వచ్చీరాని హిందీలో మాట్లాడుతోంది, తప్పులు తడబాట్లు అన్నీ వినపడుతున్నాయి, ఆపలేదు. మౌస్ నొక్కిన చప్పుడు. తర్వాత నేహా ఇంగ్లీషులో నెమ్మదిగా చదివింది, బళ్లో పాఠంలా. లిఫ్టు బ్రేకు సరిగ్గా పట్టడం లేదు. నేను స్వయంగా ఎక్కి చూశాను. బాగుచేసేవరకు దీన్ని వెంటనే ఆపివేయాలి. అంతే, దీదీ, అక్కడితో ఆగిపోయింది. తేదీ పోయిన ఏడాది డిసెంబరుది. ఇది ఆయనే రాశారా?

"ఆయనే."

"మరి పంపలేదేం?"

"ఆగమన్నారమ్మా," అంది అన్నపూర్ణేశ్వరి. "ఆగారు. నువ్వు ఆగకు. ఎంక్వయిరీ వాళ్లకి ఇప్పుడే పంపు."